పేగులో పుట్టిన రాయి

నిజామాబాద్ నుంచి బోధన్ దాకా ఇప్పుడు బస్సు కిటికీలోంచి కనిపించేది చెరకు కాదు, ఎక్కువగా వరే. బోధన్‌లో 1937లో మొదలైన చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అందులో పనిచేసిన ఒక పెద్దాయనను చూడ్డానికి అక్కడి శక్కర్‌నగర్ వెళ్లాను.

ఆయనకు పేగుల్లో పుండ్లు పడే క్రాన్స్ జబ్బు. మొదట పేగుల టీబీ అనుకుని మందులు వాడారట. ఈ రెంటినీ వేరుచేసి చెప్పడం డాక్టర్లకే కష్టం. కడుపు నెమ్మదించాక నడుములో పోటు లేచింది. మూత్రంలో పడిన రాయిని గోలీల కవర్లో దాచారు. కాగితం మీద వేసి చూపించారు: పెసరగింజంత, నల్లగా, గరుగ్గా.

"కడుపుల రోగానికి కిడ్నీకి ఏం సంబంధముంటది సారూ?"

సంబంధం ఉంది. మామూలుగా తిండిలోని ఆక్సలేట్ అనే పదార్థాన్ని పేగులోనే కాల్షియం పట్టుకుని మలంతో బయటికి పంపేస్తుంది. చిన్నపేగు చివర పుండ్లు పడితే కొవ్వు సరిగా ఒంటబట్టదు. మిగిలిన ఆ కొవ్వు కాల్షియాన్ని లాగేసుకుంటుంది. పట్టుకునేవాళ్లు లేని ఆక్సలేట్ పెద్దపేగులోంచి రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీలోకి చేరి రాయి కడుతుంది. పైగా విరేచనాలతో ఒంట్లో నీళ్లు తగ్గి మూత్రం చిక్కబడుతుంది.

"రాయి కాల్షియందే అన్నరు, అందుకే పెరుగు బంద్ పెట్టిన," అంది ఆయన భార్య. సాయంత్రం నిజామాబాద్‌లో నాకు తెలిసిన డాక్టరుకు ఈ మాట చెబితే తల పట్టుకున్నారు. అన్నంతోపాటు పెరుగు పడాలి, తగ్గించాల్సింది ఆక్సలేట్ ఎక్కువుండే పాలకూర, చుక్కకూర అన్నారు. ఇంకోటి కూడా చెప్పారు. ఇలాంటి పేగు జబ్బులకు వాడే మెసలమిన్ అనే మందు అరుదుగా, చప్పుడు చేయకుండా కిడ్నీని దెబ్బతీస్తుంది. నడుంనొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ అయితే పేగుకూ చేటే, కిడ్నీకీ చేటే.

ఇది పట్నపోళ్ల రోగం అనుకునే రోజులు పోయాయి. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు తెలంగాణలో కడుపు బాధలున్న సుమారు 32 వేల మందిని పరీక్షించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలాంటి పేగు జబ్బుల వాటా పల్లెలోనూ పట్నంలోనూ ఒకేలా దాదాపు 5 శాతం ఉంది.

పెద్దాయన ఫైల్లో కొలనోస్కోపీ, బయాప్సీ, స్కానింగ్ అన్నీ ఉన్నాయి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష మాత్రం రెండేళ్లుగా లేదు. డాక్టరు దాన్నీ, మూత్రంలో ప్రొటీన్ పరీక్షనూ చీటీ మీద రాసిచ్చారు. ఫోన్ చేసి చెప్పాను. "పరగడుపున పోవాల్నా?" అని అడిగారు ఆయన.