నల్ల చేప తీసుకుపోయిన గండం

మా హాల్లో ఉన్న చేపల తొట్టిని చూసి కొత్తగా ఇంటికి వచ్చినవాళ్ళు మొదట అడిగేది, "వాస్తు కోసం పెట్టారా?" అని. పాతికేళ్ళుగా హేతువాద సంఘం మీటింగులకి తిరుగుతున్నవాణ్ణి కదా, "కాదండీ" అని గట్టిగా చెప్పాలనే ఉంటుంది. కానీ అసలు సంగతి ఏమిటంటే, ఆ తొట్టి మా ఇంటికి వచ్చింది వాస్తు కోసమే.

నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి 2018లో రిటైరయ్యాను. మర్నాటి ఏడాది మా ఆవిడకి గర్భసంచి ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆవిడ అన్నగారు, అంటే మా బావగారు, వెంటనే ఒక గాజు తొట్టి పట్టుకొచ్చారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేనంగుళాల ఎత్తు. ఎనిమిది బంగారు చేపలు, ఒక నల్ల చేప. లెక్క అలాగే ఉండాలిట. దీన్ని ఫెంగ్ షూయీ అంటారు, వాస్తు కాదు, కానీ అమ్మేవాడి దగ్గర రెండూ ఒకే అరలో ఉంటాయి. ఈశాన్య మూలన, తూర్పు కిటికీ పక్కన పెట్టి వెళ్ళారు. నేనేమీ అనలేదు. ఇంట్లో ఆపరేషన్ భయం ఉన్నప్పుడు మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఎందుకులే అనుకున్నాను. ఇది సంస్కారం అనుకున్నాను గానీ, సగం బద్ధకమే.

పదో రోజుకి నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. ఆకలి కాబోలని ఇంకాస్త మేత వేశాను. ఫిల్టరులోని స్పాంజిని మునిసిపాలిటీ కుళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండాను. ఇవి నేను చేసిన రెండు ఘనకార్యాలు. ఆపరేషన్ రోజు తెల్లవారుజామున చూస్తే నల్ల చేప వెల్లకిలా తేలుతోంది.

ఆసుపత్రి వరండాలో బావగారు ఈ కబురు విని నా భుజం తట్టారు. "మంచిదే బావగారూ. చెల్లాయికి రావలసిన గండం అది తీసుకుపోయింది" అన్నారు. స్ట్రెచరు మీద ఉన్న మా ఆవిడ విన్నది. ఆమె మొహం తేటపడడం నేను చూశాను. ఆపరేషన్ బాగా జరిగింది. వారం తర్వాత ఇంటికొచ్చేసరికి మరో నాలుగు చేపలు పోయాయి. ఆ తర్వాత పది రోజుల్లో మిగతా నాలుగూ.

ఆఖరిది పోయిన రోజున మా ఆవిడే అడిగింది, "నాకు ఒక గండం అన్నారు సరే. మొత్తం తొమ్మిదా?"

ఆ ప్రశ్న నాకు రావలసింది. ఆడిటులో కూర్చున్నవాణ్ణి. మా శాఖలో స్టోర్సు నష్టాన్ని రద్దు చేసేటప్పుడు రెండు రకాలుగా చూస్తారు: దొంగతనం, మోసం, నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టం ఒకటి, వాటివల్ల కానిది ఇంకొకటి. ప్రతి యూనిట్టూ తన నష్టాన్ని రెండో పద్దులోకి తోయాలనే చూస్తుంది. మేము అలాంటి ఫైళ్ళు ఎన్నింటినో వెనక్కి తిప్పి పంపాం. "గండం తీసుకుపోయింది" అనే మాట అచ్చంగా ఆ రెండో పద్దే. తొమ్మిది ప్రాణాలు పోతే ఎవరి తప్పూ లేదు, పైగా శుభం. నేను ఆ మాటని ఖండించకపోవడానికి సంస్కారం ఒక్కటే కారణం కాదని అప్పుడు తట్టింది. ఆ మాట నాకు పనికొచ్చింది.

సరే, చావులకి కారణం వెతకడం మొదలుపెట్టాను. బి.కాం. చదివినవాడికి జీవశాస్త్రం పదో తరగతితోనే సరి. అయినా ఈ లెక్క అర్థం కావడానికి కష్టపడక్కర్లేదు. చేప మొప్పల గుండా అమ్మోనియా వదులుతుంది, తినని మేత కుళ్ళినా అమ్మోనియాయే వస్తుంది. నీళ్ళలో ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, మరో రకం ఆ నైట్రైటుని నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ చేపకి విషం. నైట్రైటు రక్తంలో చేరితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మొయ్యలేదు, రక్తం గోధుమరంగుకి తిరుగుతుంది. నైట్రేటు మరీ ఎక్కువైతే తప్ప ప్రమాదం లేదు. ఈ బాక్టీరియా కొత్త తొట్టిలో సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను మొదటిరోజే తొమ్మిది చేపల్ని 70 లీటర్లలో వదిలాను. స్పాంజిలో అప్పుడప్పుడే పుడుతున్న ఆ కాస్త బాక్టీరియాని క్లోరిన్ నీళ్ళతో చంపాను. దానికి తోడు మా బోరు నీళ్ళ పీహెచ్ 8. అమ్మోనియాలో విషపూరితమైన భాగం పీహెచ్ 7 దగ్గర కంటే 8 దగ్గర దాదాపు పదిరెట్లు ఉంటుంది. టెస్ట్ కిట్ కొని, ఖాళీగా ఉన్న తొట్టి నీటిలో చుక్కలు వేస్తే రంగు ముదురు ఆకుపచ్చకి తిరిగింది. కేసు తేలిపోయింది.

ఇక్కడొక పక్క విషయం. నైట్రీకరణ చేసే బాక్టీరియాని వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వేరుచేసి చూపించాడు. అప్పటినుంచీ వంద ఏళ్ళకి పైగా, ఈ పని రెండు వేర్వేరు బాక్టీరియాలే పంచుకుంటాయని పుస్తకాలు చెప్పాయి. 2015లో రెండు దశల్నీ ఒక్కటే చెయ్యగల నైట్రోస్పైరా బయటపడింది. బయటపెట్టిన రెండు బృందాల్లో ఒకదానికి అది దొరికింది చేపల పెంపకం వ్యవస్థలోని ఫిల్టరులో. పుస్తకాలు దిద్దుకున్నారు. వాస్తు పుస్తకం ఇలా ఎప్పుడైనా దిద్దుకున్న దాఖలా ఉంటే చెప్పండి.

కారణం తెలిశాక మా ఆవిడకి కూర్చోబెట్టి చెప్పాను. "ఆ చేపల్ని గండం తీసుకుపోలేదు. నేనే చంపాను." మెచ్చుకుంటుందనుకున్నాను కాబోలు. ఆమె అంది, "తెలుసులెండి. కానీ ఆ రోజు మా అన్నయ్య నాకేదో ఒక ధైర్యం చెప్పాడు. మీరేం చెప్పారు?" నేను ఆ రోజు ఆసుపత్రి ఎస్టిమేటులో ఒకే పరీక్ష రెండుసార్లు ఎందుకు వేశారో కౌంటరు దగ్గర అడుగుతున్నాను. డాక్టరు నాతో ఇది మామూలుగా చేసే ఆపరేషనే, కంగారు పడక్కర్లేదు అని వివరంగా చెప్పింది. ఆ నాలుగు మాటలూ తీసుకెళ్ళి ఆమెకి చెప్పాలని నాకు తోచలేదు. నిజం నా జేబులోనే ఉండిపోయింది, అబద్ధం ఆమె దాకా వెళ్ళింది. ఈ సంగతి మా మీటింగులో ఇప్పటిదాకా చెప్పలేదు.

తొట్టి అమ్మేద్దామన్నాను. ఆమె వద్దంది.

ఈసారి మొక్కలతో మొదలుపెట్టాం. దీనికి పాత చరిత్రే ఉంది. 1850లో లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ రెండు బంగారు చేపల్ని, వాలిస్నీరియా మొక్కని, కుళ్ళిన ఆకులు తినడానికి నత్తల్ని ఒక పాత్రలో పెట్టి నిలబెట్టి చూపాడు. 1999లో డయానా వాల్‌స్టాడ్ రాసిన పుస్తకం మా అల్లుడు తెప్పించాడు. నీటిమొక్కలు అమ్మోనియాని నేరుగా ఇష్టంగా తీసుకుంటాయని, మామూలు మట్టి చాలని ఆవిడ వాదన. ఎర్రమట్టి జల్లించి, మూడుసార్లు నానబెట్టి ఎండబెట్టి అంగుళం మందాన పరిచాను. ఎరువు కలపలేదు, కలిపితే మళ్ళీ అమ్మోనియాయే. పైన అంగుళం ఇసుక. ఇసుక మీద ముందుగా వెనిగర్ పోసి చూశాను. బుడగలొస్తే సున్నం ఉన్నట్టు, పారెయ్యాలి. హైడ్రిల్లా, వాలిస్నీరియా, క్రిప్టోకోరైన్ నాటాం. జావా ఫెర్న్ దుంపని మట్టిలో పాతకూడదు, రాయికి దారంతో కట్టాలి. క్రిప్టోకోరైన్ ఆకులు వారంలో కరిగిపోయాయి. పీకెయ్యకుండా ఓపిక పడితే వేరునుంచి కొత్త ఆకులొచ్చాయి. ఆరు వారాలు చేపలు లేవు. కుళాయి నీళ్ళకి హైపో, అదే పాత ఫొటో స్టూడియోల్లో వాడే సోడియం థయోసల్ఫేట్.

నేను గొప్పగా చెప్పుకుంటున్నానేమో. నా మూఢనమ్మకం ఒకటి కూడా రాస్తాను. రెండో నెలలో నీళ్ళు పచ్చబడ్డాయి. ఎవరో చెప్తే నాటు బాదం ఆకులు ఎండబెట్టి వేశాను. పదిరోజుల్లో నీళ్ళు తేటపడ్డాయి. ఏడాదిపాటు కనబడిన ప్రతివాడికీ బాదం ఆకు మహిమ చెప్పాను. ఒకరోజు రిజిస్టరు తిరగేస్తుంటే, ఆకులు వేసిన వారంలోనే తొట్టిని తూర్పు కిటికీ పక్కనుంచి జరిపి, లైటు పన్నెండు గంటలనుంచి ఎనిమిదికి తగ్గించినట్టు నా చేతిరాతే ఉంది. రెండు గాజు సీసాల్లో అవే పచ్చ నీళ్ళు పోసి, ఒకదాంట్లో ఆకు వేసి, రెంటినీ కిటికీలో పెట్టాను. రెండూ పచ్చగానే ఉన్నాయి. నీడకి మార్చాక రెండూ తేరాయి. రెండు సీసాలతో సిద్ధాంతం నిలబడదు, ఒప్పుకుంటాను. కానీ బాదం ఆకు గురించి మాట్లాడటం మానేశాను. ఈశాన్య మూల గొప్పతనం మాత్రం తెలిసింది, నాచుకి అంతకంటే మంచి చోటు లేదు.

ఇప్పుడు తొట్టిలో ఎనిమిది జీబ్రా డానియోలు. మన గంగా పరీవాహకపు చేపే, ప్రపంచమంతటా పరిశోధనశాలల్లో పెంచుతారు. ప్రతి ఆదివారం నాలుగోవంతు నీళ్ళు మారుస్తాను. చుక్కల పరీక్ష మా ఆవిడదే, నా కళ్ళకి రంగుల తేడా సరిగా ఆనదు. బావగారు కిందటేడు వచ్చి వాలిస్నీరియా పిలకలు అడిగారు. ఇచ్చాను, ఒక టెస్ట్ కిట్ కూడా చేతిలో పెట్టాను. ఆయన తొట్టి ఇంకా ఈశాన్యంలోనే ఉంది. నీళ్ళు పచ్చగా ఉన్నాయని ఫోను చేస్తుంటారు.

మొన్న మనవరాలి పరీక్షలకి ముందురోజు ఒక డానియో బయటికి ఎగిరి నేలమీద ఎండిపోయి కనబడింది. మా అమ్మాయి ఫోనులో "ఏదో దిష్టి పోయిందిలే" అంది. మా ఆవిడ ఏమీ అనకుండా రిజిస్టరు తీసి తేదీ వేసింది. కారణం అన్న గడిలో ఇలా రాసింది: "మూత వెయ్యడం మరిచారు. ఈయనే."