కర్త లేని వాక్యం

"రిఫర్బిష్డ్ అన్నదాన్ని తెలుగులో ఏమంటారు మామయ్యగారూ?" అని మా కోడలు అడిగిన రోజు నాకు బాగా గుర్తు. పదవీ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి ఇంట్లో ఒకరు మాటకు అర్థం అడగడం సామాన్య విషయం కాదు గదా! కాఫీ గ్లాసు పక్కన పెట్టి "జీర్ణోద్ధరణ" అన్నాను. అది గుళ్ళకూ గోపురాలకూ కదండీ అన్నది. "పునర్నవం" అన్నాను. ఆమె సెల్‌ఫోనులో వెదికితే అటికమామిడి మొక్క బొమ్మ వచ్చింది. "కాయకల్పం" అనేసరికి మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది. చివరకు "బాగుచేసినది అనుకోవమ్మా, చాలు" అని ఊరుకున్నాను. ఆ మాటలో ఒక లోపం ఉన్నదని అప్పటికి నాకు తోచలేదు.

కోడలు చర్మవైద్యురాలు. ఎం.డి. అయ్యాక ఆరేళ్ళపాటు ఒక పెద్ద సంస్థవారి క్లినిక్కులో జీతానికి పనిచేసి, 2025 మొదట్లో కాకినాడలో రెండు గదులు అద్దెకు తీసుకుని సొంతంగా వైద్యశాల పెట్టుకున్నది. బల్లలూ కుర్చీలూ వచ్చాయి, బోర్డు వచ్చింది. రావలసినది అవాంఛిత రోమాలు తొలగించే లేజరు యంత్రం. కొత్తది 32 లక్షలన్నారు. ఇదివరకు ఎవరో వాడగా బాగుచేసి, "సర్టిఫైడ్ రిఫర్బిష్డ్" అని ధ్రువపత్రంతో అమ్మేవి 10, 12 లక్షలకు దొరుకుతాయని తెలిసింది. మా అబ్బాయి పుణేలో ఉద్యోగం. వాడి జీతం ఇంటి అప్పుకే సరి. కాబట్టి డబ్బు నాది. ఉద్యోగం వదిలిననాడు చేతికొచ్చిన గ్రాట్యుటీలో, ఖర్చులన్నీ పోను బ్యాంకులో మిగిలినది.

నిజం చెప్పాలంటే మొదట నాకు మనస్కరించలేదు. వైద్యం చదివినవాళ్ళు సింగారం పనులకు దిగడమేమిటని ఒక మాట అన్నాను కూడా. ఆమె కోపగించుకోలేదు. "ఒక్క పూట మా గదిలో ఓ మూల కూర్చోండి" అన్నది. ఆ పూట తెర బయటి కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళలో నలుగురు ఆడపిల్లలు చున్నీ గడ్డం మీదికి లాక్కుని లోపలికి వెళ్ళడం చూశాను. హార్మోన్ల హెచ్చుతగ్గులవల్ల గడ్డం మీద వెంట్రుకలు వచ్చే పిల్లలు వాళ్ళు. చాలామందికి పీసీఓఎస్ అనే అండాశయపు సమస్య ఉంటుందట. నా తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఏడాది పొడుగునా చేయి బుగ్గకు ఆనించుకునే కూర్చునేది. "నిటారుగా కూర్చోలేవా?" అని నేను పదిమందిలో గద్దించిన రోజులున్నాయి. ఆ సాయంకాలమే బ్యాంకు పుస్తకం బయటికి తీశాను.

ఇక ఆమె భయం వేరే. లోగడ జీతానికి పనిచేసినచోట, పెళ్ళి కుదిరిన ఒక అమ్మాయికి రెండు చేతులకూ ఈ వైద్యం చేశారు. యంత్రం అంతకు ముందు వారమే మరమ్మతు నుంచి తిరిగి వచ్చింది. మరమ్మతుకు ముందు దాని బలం తగ్గిపోయి ఉండడంవల్ల అక్కడివాళ్ళు తెరమీది అంకెను పెంచి వాడటానికి అలవాటుపడ్డారు. వచ్చినదాన్ని ఎవరూ కొలవలేదు. పాత అలవాటు అంకెకే పెట్టారు. మర్నాటికి ఆ పిల్ల చేతులమీద నలుచదరపు గోధుమరంగు మచ్చలు, అచ్చు గుద్దినట్లు వరుసగా. "అవి పోవడానికి ఎనిమిది నెలలు పట్టింది మామయ్యగారూ. పెళ్ళి ఫొటోల్లో ఆ అమ్మాయి పొడుగు చేతుల రవికతోనే ఉంది" అన్నది.

ఆ మచ్చలు ఎందుకు పడతాయో ఆమె నాకు విడమరచి చెప్పింది. వెంట్రుక మొదట్లో ఉండే మెలనిన్ అనే నల్లని పదార్థం వెలుగును తాగి వేడెక్కి కుదురును కాల్చుతుంది. చుట్టూ ఉన్న చర్మం చెడకుండా అంతమట్టుకే కాల్చవచ్చునని 1983లో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు 'సైన్స్' పత్రికలో నిరూపించారు. అయితే మెలనిన్ వెంట్రుకలోనే కాదు, చర్మంలోనూ ఉంటుంది. తెల్లవారికి చర్మంలో తక్కువ, మనకు ఎక్కువ. అంటే మనవాళ్ళలో వెంట్రుక కాలడానికీ చర్మం కాలడానికీ మధ్య ఉన్న గట్టు సన్ననిది. 755 నానోమీటర్ల వెలుగును మన చర్మం ఎక్కువగా తాగేస్తుంది. 1064 చర్మాన్ని అంతగా అంటకుండా లోతుకు పోతుంది. డయోడ్ లేజరువారి 808 నడిమధ్యది. చర్మానికి ఆనించే కొసన నీలపురాయి పలక ఒకటి ఉండి, యంత్రంలో తిరిగే చల్లని నీటివల్ల చర్మాన్ని చల్లబరుస్తూ ఉంటుంది. ఆ చల్లదనం తప్పినా, తెరమీది అంకె అబద్ధమాడినా ఆ గట్టు తెగుతుంది.

మొదట వెళ్ళినది హైదరాబాదు మాదాపురంలో అద్దాల మేడలో ఉన్న ఒక అమ్మకందారు దగ్గరికి. ఫోనులో మాటలు తీపిగా ఉన్నాయి కాబట్టి వెళ్ళకముందే లక్ష రూపాయలు బయానాగా పంపాను. (ఈ పని కోడలికి చెప్పకుండా చేశాను. ఆ తర్వాత మూడురోజులు ఇంట్లో నాకు కాఫీ కొంచెం నీళ్ళగానే వచ్చింది.) యంత్రం తళతళలాడుతున్నది. పక్కనే ప్లాస్టిక్కు తొడుగులో ధ్రువపత్రం, బంగారు రంగు ముద్ర. "ఐఎస్ఓ 13485 ఉంది సార్" అన్నాడాయన. కోడలు యంత్రం చూస్తుంటే, నాకు చేతనైనది కాగితం చదవడం కాబట్టి కాగితాలు పట్టుకుని కూర్చున్నాను.

ఆ ఐఎస్ఓ పత్రం చెబుతున్నది ఆ సంస్థ పనిచేసే పద్ధతిని గురించి. ఆ యంత్రం ఊసు అందులో ఎక్కడా లేదు. రెండో కాగితం యంత్రానిదే. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మనసులో తెలుగు చేసుకున్నాను: ఈ యంత్రం పూర్తిగా పరీక్షింపబడినది, బాగుచేయబడినది, వాడుకకు యోగ్యమని ధ్రువీకరింపబడినది. కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదని, అవసరమైతే తప్ప వాడవద్దని 34 ఏళ్ళు పిల్లలకు చెప్పాను. ఎందుకో నాకే ఆనాడు తెలిసింది. మూడు క్రియలు, ఒక్క కర్త లేడు. పరీక్షించినదెవరు? ఏ తేదీన? దేనితో? అడిగాను. "మా టీమ్ సార్" అన్నాడు. టీములో ఎవరు? ఆయన నవ్వి టీ తెప్పించాడు.

పదోతరగతి పరీక్షల్లో హాల్‌టికెట్ల అంకెలు సరిచూసిన కళ్ళు ఊరుకోవు. పత్రంలోని క్రమసంఖ్యనూ యంత్రం వెనుక రేకుమీది సంఖ్యనూ పోల్చాను. చివరి మూడంకెలు వేరు. "టైపింగ్ మిస్టేక్ సార్, ఇప్పుడే మార్చి ప్రింటు తీసిస్తాం" అన్నాడు. ఎంత సులువు! యంత్రం మారనక్కరలేదు, కాగితం మారితే చాలు.

కోడలు తన స్నేహితురాలి ఆసుపత్రి నుంచి ఒక బయోమెడికల్ ఇంజనీరును రోజు కూలి మాట్లాడి పిలిపించింది. అతను శక్తిని కొలిచే మీటరు తెచ్చాడు. ఆ పలక వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు కాబట్టి లెక్క సులువు. తెరమీద 20 జౌళ్ళు పెట్టి నొక్కితే మీటరు 13 దగ్గర ఆగింది. మళ్ళీ నొక్కితే 14, మళ్ళీ 12. ఐఈసీ 60601-2-22 అనే అంతర్జాతీయ ప్రమాణం తెరమీది అంకెకూ వచ్చే శక్తికీ తేడా 20 శాతం మించకూడదంటుంది. ఇక్కడ మూడోవంతు మాయం. చేతిపిడిలో ఉండే డయోడ్‌లు లక్షల సార్లు వెలిగి వెలిగి అరిగిపోతాయి; ఆ లెక్క యంత్రంలో నమోదవుతుంది. ఇందులో మాత్రం సున్నా నుంచి మొదలుపెట్టినట్లు కేవలం రెండువేలున్నది. పిడి మరల తలలు గీసుకుపోయి ఉన్నాయి. మేము లేచి వచ్చాము. బయానాలో 40 వేలు తిరిగి వచ్చాయి. తక్కిన 60 వేలు చదువు ఖర్చుల్లో రాసుకున్నాను.

ఆ రాత్రి రైల్లో నిద్రపట్టలేదు. పోయిన డబ్బుకు కాదు. నేను కూడా అలాంటి కాగితాలు రాసినవాణ్ణే. బడి వదిలివెళ్ళే ప్రతి పిల్లవాడి ప్రవర్తన 'సంతృప్తికరము' అని అచ్చు ఫారం మీద ఉంటుంది. ప్రధానోపాధ్యాయుల సెలవు రోజుల్లో వందలకొద్దీ సంతకాలు పెట్టాను. 1998లోనో 1999లోనో ఊళ్ళో బట్టల కొట్టు షావుకారుగారు ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. దాన్ని చూసి ఆయన పనిలో పెట్టుకున్న కుర్రాడు గల్లాపెట్టె సొమ్ముతో పారిపోయాడట. ఆయన తిట్టలేదు. "ఇది తమరి సంతకమేనా పంతులుగారూ?" అని అడిగారు. అవునన్నాను. "వాడు తమరికి తెలుసునా?" అన్నారు. ఆ పిల్లవాడి ముఖం ఎంత ప్రయత్నించినా నాకు గుర్తురాలేదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మజ్జిగ ఇస్తే తాగి వెళ్ళిపోయారు.

మా చిన్నతనంలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు ఏటా వచ్చేవాడు. వేపచెట్టు కింద కొలిమి పెట్టి, గిన్నెను కాల్చి, నవాసాగరం చల్లి, దూదితో తగరం పులిమితే లోపలంతా వెండిలా మెరిసేది. మా అమ్మ ఆ మెరుపుకు డబ్బిచ్చేది కాదు. గిన్నెనిండా పుల్లమజ్జిగ పోసి రాత్రంతా ఉంచేది. తెల్లవారి మజ్జిగకు కిలుము పచ్చదనం ఎక్కకపోతేనే పైకం. అతను రెండోరోజు వచ్చి తీసుకునేవాడు, నొచ్చుకునేవాడు కాదు. మీటరు పనీ అదే గదా అనిపించింది.

రెండో యంత్రం ఆ ఇంజనీరు ద్వారానే దొరికింది. బాలానగర్ పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు. యజమాని ఒకప్పుడు ఈ యంత్రాలకే మరమ్మతు ఇంజనీరుగా తిరిగినవాడు. హైదరాబాదులో ఒక డాక్టరుగారు మార్చేసినదాన్ని కొన్నాడు. కోడలు మొట్టమొదట అడిగినది బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే అది మన దేశంలోకి దిగుమతి అయినప్పటి సుంకాల కాగితం. 2017 నాటి వైద్య పరికరాల నియమావళిలో బాగుచేసిన పరికరాల దిగుమతికి లైసెన్సు ఇచ్చే అవకాశం లేదని 2025 జనవరిలో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సుంకాల శాఖకు రాసింది. అందుచేత అది కొత్తదిగానే వచ్చి ఇక్కడే పాతబడిందని తేలాలి. తేలింది.

ఆయన ఇచ్చిన కాగితానికి బంగారు ముద్ర లేదు. చేతిరాత. ఒకవైపు మార్చినవి: నీటి పంపు, వడపోత, నీటిలోని లవణాలు తీసే గొట్టం, విద్యుత్తు పెట్టెలో కెపాసిటర్లు. రెండోవైపు మార్చనివి: నీలపురాయి పలక ఒక మూల సన్నని గీత, బండి చక్రం ఒకటి వదులు, చేతిపిడి ఇప్పటికి 19 లక్షల సార్లు వెలిగినది. కింద ఇలా ఉన్నది: 'నేను ఫలానా తేదీన ఫలానా నంబరు మీటరుతో కొలిచాను. 20కి 19.4 వచ్చింది.' సంతకం, సెల్ నంబరు. మరమ్మతు తర్వాత విద్యుత్ భద్రతకు ఐఈసీ 62353 ప్రకారం చేసిన పరీక్ష అంకెలు వెనకవైపు రాశాడు. మార్చనివాటి పట్టీ ఎందుకు రాశారని అడిగితే, "రేపు చక్రం ఊడితే మీరు నాకే గదా సార్ ఫోన్ చేసేది" అన్నాడు.

11 లక్షల 20 వేలకు బేరం కుదిరింది. ఒక ఏడాది పూచీ, మరమ్మతు పద్ధతిలోకి వెళ్ళే సంకేతపదం కాగితం మీద రాసి ఇవ్వడం, కాకినాడలో దించాక మళ్ళీ కొలిచి చూపించిన తర్వాతే చివరి రెండు లక్షలు. ఈ చివరి షరతు నాది. మా అమ్మది అనాలి.

లోపలి నీళ్ళన్నీ తీసేసి లారీలో పంపాడు. ఈలోగా క్లినిక్కు వెనుక గొయ్యి తవ్వించి, బొగ్గూ ఉప్పూ వేయించి ఎర్తింగు సరిచేయించాము. సముద్రపు గాలి ఊరు కాబట్టి గదిలో చెమ్మ తగ్గించే పరికరం ఒకటి అదనంగా పెట్టవలసి వచ్చింది. చల్లని పలకమీద తేమ దిగితే లోపలి డయోడ్‌లకు చేటట. దించిన రోజున మీటరు 19.1 చూపింది. కోడలు ముందుగా తన ముంజేతిమీదే నాలుగుచోట్ల వెలిగించుకుని రెండు రోజులు ఆగింది.

వేచివుండే గదిలో గోడకు పెట్టడానికి తెలుగులో నాలుగు వాక్యాలు రాసివ్వమన్నది. రాశాను: 'ఇది వాడిన యంత్రం. బాగుచేయించి కొన్నాము. మూడు నెలలకొకసారి దీని శక్తిని కొలిపిస్తాము. కొలత చూసి నేను సంతకం చేస్తాను.' కింద తేదీలకూ అంకెలకూ గళ్ళు.

రెండోవారంలో ఒకావిడ కూతురితో వచ్చి, గోడ దగ్గర నిలబడి ఆ నాలుగు వాక్యాలూ చదివింది. "వాడిన మిషనా?" అన్నది. అవునని కోడలు చెప్పింది. మాఘమాసంలో పెళ్ళి అనుకుంటున్నారట. కొత్త మిషన్ ఉన్నచోటే చేయిస్తామని లేచి వెళ్ళిపోయారు. నేను మందుల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. 11 లక్షలు నావి కదా. మొదటి వాక్యం తీసేసి, మిగతా మూడు ఉంచితే ఏమి పోయిందనిపించింది. మిగతా మూడూ నిజాలే. ఆ ఆలోచన కోడలికి చెప్పలేదు. ఆమె నావైపు చూసి, "అక్షరాలు ఇంకొంచెం పెద్దవిగా ఉండాల్సింది మామయ్యగారూ, పాపం ఆవిడ కళ్ళు చికిలించి చదివింది" అన్నది.

మొన్న మంగళవారం ఇంజనీరు మీటరుతో వచ్చాడు. 20కి 18.8. కోడలు గడిలో అంకె వేసి సంతకం చేసింది. తేదీ మరిచిపోతే నేను గుర్తుచేశాను.