ప్రధానపు టుంగరములోని రాయి

నకిలీ యను మాట మన యిండ్లలో మిక్కిలి సులభముగ నోటికి వచ్చును. నేతిలో వనస్పతి కలిపినను నకిలీయే, పట్టుచీరకు వెండిజరీ యని చెప్పి రాగితీగె పెట్టినను నకిలీయే. ఒకటి చూపి మఱియొకటి యిచ్చుట మోసము గనుక వానికా పేరు తగును. కాని యీ నడుమ మా బంధువర్గములో నొక ప్రధానపు టుంగరమును గూర్చి యీ మాట పుట్టి, పది దినములు మా యింట శాంతి లేకుండ జేసినది. మా మేనకోడలు తన కాబోవు భర్తతో గూడి యుంగరమునకు ప్రయోగశాలలో బెంచిన వజ్రమును గోరినది. అదియు నందఱు పెట్టుకొను గుండ్రని రవ్వ కాదు. నూఱేండ్లనాటి ఫక్కిని మెట్లు మెట్లుగ సానబట్టిన చదరపు రాయి. పెద్దలు రాయిని జూడకమునుపే దానికి నకిలీ యని పేరు పెట్టిరి. దుకాణములకు దోడుపోయి విచారించి రమ్మని మమ్ము నియోగించిరి గనుక, మేము తెలిసికొన్నది చదువరులకు విన్నవించుచున్నాము.

అసలు వజ్రమే యేల యని కొందఱడుగవచ్చును. మేమును అడిగితిమి. మన పెండ్లిండ్లలో ప్రధానమునకు తాంబూలములు మార్చుకొనుట యాచారము. ఉంగరముల మార్పిడి యిటీవలిది. వజ్రమునకును వివాహమునకును ముడిపెట్టిన ఘనత చాలవఱకు డి బీర్సు వ్యాపారమునకై 1947లో అమెరికాలో ఫ్రాన్సెస్ జెరెటీ యను నామె వ్రాసిచ్చిన నాలుగు మాటల ప్రకటనది. అయినను మా యమ్మాయి కట్నము లేని పెండ్లికే యొప్పుకొన్నది. వరుడును దానికి సమ్మతించెను. ఉంగరముల వెల యిద్దఱును తమ జీతములనుండి చెరిసగము పెట్టుకొనుచున్నారు. అట్టివారి ముచ్చటను మేము కాదనలేకపోతిమి.

వజ్రము బొగ్గుజాతి పదార్థమే యని 1797లో స్మిత్సన్ టెన్నెంట్ అను నాంగ్ల రసాయనశాస్త్రజ్ఞుడు దానిని గాల్చి నిరూపించెను. వజ్రమును గాల్చగా వచ్చిన బొగ్గుపులుసు వాయువు, అంతే తూకము బొగ్గును గాల్చగా వచ్చినదానితో సరిపోయెను. భూమిలో నూటయేబది కిలోమీటర్లకు దిగువన, నూఱుకోట్ల యేండ్లకు పూర్వము, మహోష్ణమునకును మహాభారమునకును లోనై యీ బొగ్గు వజ్రమైనది. ఆ భారమును యంత్రములో గల్పించి వజ్రము చేసితిమని 1955లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థవారు ప్రకటించిరి. నేడు మన సూరతులో విరివిగ నడచు పద్ధతి వేఱు. పలుచని వజ్రపు బిళ్ల నొకదానిని మూసిన పాత్రలో నుంచి, లోని గాలి తీసివేసి, మీథేను, హైడ్రొజను వాయువులను కొద్దిగ వదలి, మైక్రోవేవుల వేడిచే వానిని విడగొట్టుదురు. విడివడిన కర్బన పరమాణువులు బిళ్లపై పొరపొరగ పేరుకొనును. కొన్ని వారములకు రాయి సిద్ధము. ఆ బిళ్లను వారు విత్తనమనియే పిలుతురు. ఈ విత్తనములపై దిగుమతి సుంకమును 2023లో కేంద్రప్రభుత్వము తొలగించినది.

ఇందు తెలుగువారికి వింతయైన సంగతి యొకటి కలదు. కృష్ణ యొడ్డున కొల్లూరు గనిలో 60,000 మంది పనిచేయుచుండిరని పదునేడవ శతాబ్దిలో టావెర్నియే యను ఫ్రెంచి వర్తకుడు వ్రాసెను. 1720 ప్రాంతమున బ్రెజిలులో వజ్రములు బయటపడువఱకు లోకపు రాజులు ధరించిన వజ్రములు దాదాపన్నియు మన దేశమునుండి పోయినవే. ఆ గోలకొండ వజ్రములలో కోహినూరు మొదలగు పేరుగన్నవి నత్రజని కల్తీ లేని జాతివి. గనులలో దొరకు రాళ్లలో నూటికొకటి రెండు మాత్రమే యట్టివి. వాయువునుండి పెంచిన రాళ్లో, దాదాపన్నియు నా జాతివే. కర్నూలు జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి ప్రాంతముల తొలకరి చినుకులు పడగానే జనులు పనిపాటలు మాని చేలలో వంగి వెదకునది దేనికొఱకో, అదియే సూరతులో పాత్రలో మొలచుచున్నది.

వియ్యాలవారిలో నొక పెద్దమనిషితో నీ సంగతి చెప్పి, గంపక్రింద పొదిగిన పిల్లయు యంత్రములో పొదిగిన పిల్లయు కోడిపిల్లలే గదా యంటిమి. “నాటుకోడి రుచి వేఱండీ” యని వారు తడుముకొనక బదులు చెప్పిరి. నవ్వక తప్పినది కాదు. కాని వజ్రమునకు రుచి చూచువారెవరు? వేడిని బట్టి రాయిని పరీక్షించు పెన్నువంటి పనిముట్టు నగల దుకాణములలో నుండును. దానికి రెండును వజ్రములే. పుట్టుక తేల్చుటకు కాంతిని విశ్లేషించు పెద్ద పరికరము కావలెను.

ఇక మెట్లసాన మాట. మన దక్షిణదేశమున రవ్వ యనగా గుండ్రనిదే. ఏడురాళ్ల దుద్దులలో మా యమ్మమ్మలు మెచ్చుకొన్న బ్లూ జాగరు గుండ్రనిదే. దక్షిణాఫ్రికాలోని యొక గని పేరు మన నోట నట్లు మాఱినది. గుండ్రని రాతి పలకలు వెలుగును ముక్కలు చేసి నిప్పురవ్వలవలె వెదజల్లును. మెట్లరాయి యట్లు చేయదు. దాని పలకలు పొడుగుగ, ఒకదానికొకటి సమాంతరముగ, కోనేటిలోనికి దిగు మెట్లవలె నుండును. పైనుండి చూచిన లోలోపలికి చదరములో చదరము దిగిపోవుచున్నట్లు తోచును. మా యమ్మాయి కోరిన రకమును 1902లో ఆంస్టర్‌డాములో జోసెఫ్ ఆషర్ అను నతడు కల్పించెను. నాలుగు మూలలును కోసిన చదరము, 58 పలకలు. 1908లో కల్లినన్ మహావజ్రమును చీల్చినవాడును అతడే. 1920ల దశాబ్దిలో నీ సాన యూరపు, అమెరికాలలో మిక్కిలి వాడుకయైనది. రెండవ ప్రపంచయుద్ధమున జర్మను లా కర్మాగారపు యూదు పనివారిని నిర్బంధశిబిరములకు గొనిపోయిరి; తిరిగివచ్చినవారు బహుకొద్ది. ఒక సానఫక్కి వెనుక నింతటి దుఃఖము గలదని దుకాణములో నెవ్వరును చెప్పరు.

నిజముగ నానాడు సానబట్టిన రాళ్లు దొరకుట యరుదు, వెలయు హెచ్చు. నేటి రాళ్లకు పాతఫక్కి సానయే పట్టించుచున్నారు. ఈ సాన లోతుగ నుండవలెను గనుక ముడిరాయి చాల వ్యర్థమగును. పెంచిన రాయి చవుక గనుక సానవానికి జంకు లేదని యొక వర్తకుడు మాకు చెప్పెను. వాయువునుండి పెంచిన ముడిరాయి సహజముగనే చదరపు దిమ్మవలె నుండుటయు నీ పనికి ననుకూలమే.

మెట్లరాయిని ఎన్నుకొనుట కష్టము. అది తన దోషములను దాచుకొనలేదు. గుండ్రని రవ్వ మిలమిలలో మచ్చ మఱుగుపడును. దీని పైపలక కిటికీ వంటిది; లోపల నున్నదంతయు కనబడును. మాకు చూపిన మొదటి రాతిలో పైపలక నడుమ నల్లని చుక్క. రెండవదానికి లోతు చాలలేదు. దానిని అచ్చుకాగితముపై నుంచగా నక్షరములు కనబడెను. అట్టి రాయి నడుమ వెలుగు తిరిగి రాక క్రిందికి జారిపోవును. మూడవది దీపములక్రింద తెల్లగనే యున్నది. గుమ్మమువద్దకు తెచ్చి పగటివెలుగులో చూడగా లేతగోధుమ చాయ తేలినది. వాయువునుండి పెంచిన కొన్ని రాళ్లకిది కలదు. దుకాణపు దీపములక్రింద మాత్రమే రాయిని చూచి బేరము ముగించుట తగదని మా గట్టి యభిప్రాయము. ధ్రువపత్రములో తూకము, రంగు, నిర్మలత యుండును. గుండ్రని రాళ్లకువలె సానయొక్క శ్రేణి వీనికి సామాన్యముగ నుండదు. కంటితోనే తేల్చుకొనవలెను. నాలుగవ రాతిలో మూలలనుండి వచ్చు గీతలు నాలుగును నడుమ చక్కగ కలిసినవి. తూకము కారట్టున్నర; పావు గ్రాముకంటె కొంచె మెక్కువ. దాని నడుముపై సన్నని యక్షరములతో పత్రపు సంఖ్యయు, పెంచిన రాయియనియు చెక్కబడియున్నది. భూతద్దములో చదివి సరిచూచితిమి.

పాపము సోకని రాయి యని వర్తకుడు మెచ్చుకొన్నదానిని మేము పూర్తిగ నంగీకరింపము. సియెర్రా లియోనులో 1991 నుండి 2002 వఱకు జరిగిన యంతర్యుద్ధమున వజ్రములు తుపాకులైన మాట నిజమే. కాని గనిరాళ్ల రాబడితో బోట్స్వానా దేశము బడులను, ఆస్పత్రులను కట్టుకొన్నది. పెంచిన రాయికి విద్యుత్తు విపరీతముగ గావలెను. అది బొగ్గునుండి వచ్చిన, ఆ బొగ్గు గని లెక్కయు వ్రాయవలెను గదా.

వెల మాటయు దాచరాదు. 2018లో డి బీర్సువారు లైట్‌బాక్స్ పేరిట పెంచిన రాయిని కారట్టు 800 డాలర్లకు అమ్మజూపిరి. ధరలు పడిపోగా 2025లో నా వ్యాపారమునే మూసివేయుదుమని ప్రకటించిరి. కొన్న రాయిని తిరిగి యమ్మబోయిన చేతికి వచ్చునది స్వల్పము. స్త్రీధనముగ నుంచదలచినవారు బంగారము కొనుట మేలు. ఈ మాట చెప్పగా మా యమ్మాయి, “అమ్ముకొనుటకు ప్రధానపు టుంగరము పెట్టుకొందునా, మామయ్యా?” యని యడిగెను. మాకు బదులు తోచలేదు.

అసలు చిక్కు తరువాత వచ్చినది. “ఏ పనిముట్టునకును తెలియనిది వియ్యపురాలికి తెలియునా? చెప్పక యూరకుండుడు” అని మా చెల్లెలు రహస్యముగ ననినది. కట్నము పోయెనను కినుక వియ్యాలవారిలో కొందఱికి గలదు. ఆ కినుకయే రాయిమీదికి మఱలినదని మా యనుమానము. అట్టిచోట నిజము చెప్పి తగవు కొనితెచ్చుకొననేల యని యామె భయము. తల్లి భయమును మేము తేలికగ చూడము. కాని దాచిన క్షణమే యా రాయి పెద్దలు పెట్టిన పేరునకు తగినదగును, చెప్పినంతకాలము తగదు. అమ్మాయి వాదము పెంచక, ధ్రువపత్రమునకు నకలు తీయించి, రసీదుతో గూడ కాబోవు నత్తమామలకు పంపినది. వరుడు తానును సగము వెల యిచ్చితినని క్రింద వ్రాసి సంతకము చేసెను.

నాలుగు దినములు జవాబు లేదు. అయిదవనాడు నాటుకోడి పెద్దమనిషి ఫోను చేసి, రాయి నడుముపై నున్న యక్షరములు తమ భూతద్దములో కనబడునా యని యడిగిరి. పదిరెట్లు పెద్దదిగ చూపునదైన కనబడునంటిమి. ప్రధానమునాడు తెచ్చుకొందుమనిరి. రాయి యిప్పుడు కంసాలివద్ద నున్నది. నాలుగు మూలలను బంగారు గోళ్లతో పట్టించుటయా, చుట్టును సన్నని కట్టు కట్టించుటయా యన్నది మాత్ర మింకను తేలలేదు. మూలలకు దెబ్బ తగులకుండ కట్టే మేలని కంసాలి యనుచున్నాడు. వెలుగు తగ్గునని యమ్మాయి గోళ్లే కావలెననుచున్నది.