భీమ్‌గల్ అవ్వ చేతికఱ్ఱ



ఆర్మూరు నుండి భీమ్‌గల్‌కు వచ్చే బస్సులో కిటికీ ప్రక్కన కూర్చుంటే దారి పొడవునా పసుపు చేలు, మొక్కజొన్న చేలు కనబడతాయి. ఊరిలో ఏ వాడకు వెళ్ళినా అరుగు మీద, ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టే తల్లులు కనబడతారు. అనేక ఇండ్లలో మగవారు దుబాయి, మస్కట్ వంటి చోట్ల పనికి వెళ్ళియున్నారు. ఇంటి దగ్గర కోడండ్లు, పిల్లలు, ముసలివారు మిగిలియున్నారు. ఇటువంటి ఊరిలో పరిచర్య చేయుచున్న మాకు ఒక అవ్వ నేర్పిన పాఠమును ఈ నెల మీతో పంచుకొనగోరుచున్నాము.

ఆమె ఆదివారము అందరికంటె ముందు వచ్చి చాపలు పరచే మనిషి. గడచిన వానాకాలములో వరుసగా నాలుగు ఆదివారములు ఆమె కనబడలేదు. విశ్వాసములో చల్లారినదేమో అని తలంచాము. ఎవరి పేరూ ఎత్తకుండానే, ఆరాధన మానుట గూర్చి ప్రసంగములో గట్టిగా మాట్లాడాము. ఐదవ వారము ఆమె ఇంటికి వెళ్ళాము. గడపలో కూర్చొనియున్నది. మమ్మును చూచి లేవబోయి, లేవలేక, తలుపు పట్టుకొని మరల కూర్చున్నది.

"మోకాళ్ళు లేస్తలెవ్వు అయ్యగారూ. బీడీలు చేసీ చేసీ గిట్లయినయ్. చర్చి మెట్లు ఎక్కుడు నాతోని అయితలేదు" అన్నది.

"పట్టుకొనడానికి కఱ్ఱ లేదా అవ్వా?" అని అడిగాము.

"ఉన్నది, తలుపెన్క వెట్టిన. కట్టె వట్టుకొని బజార్ల నడిస్తే నలుగురేమంటరు? కొడుకు దుబాయిల ఉండి తల్లిని సూస్తలేడంటరు."

ఆ కఱ్ఱను తెప్పించి చూచాము. అది ఆమె భుజము వరకు వచ్చే వెదురు కఱ్ఱ. అడుగున అరిగిపోయి నున్నగా ఉన్నది. తడి బండ మీద పెడితే జారిపోతుంది. సిగ్గుపడి దాచుకొనకపోయినా, ఆ కఱ్ఱ ఆమెకు పనికివచ్చేది కాదు.

తిరిగి వచ్చి మా చర్చి మెట్లు చూచాము. మూడు మెట్లు, మొత్తము అడుగున్నర ఎత్తు. పట్టుకొనడానికి ఏమీ లేదు. చందాలు కూడబెట్టి, చూపునకు బాగుండునని ఎత్తుగా కట్టించినది మేమే. ఆ రాత్రి మా ప్రసంగము మాకే గుచ్చుకొన్నది.

మరుసటి వారము అవ్వను, ఆమె కోడలిని వెంటబెట్టుకొని నిజామాబాద్ బయలుదేరాము. 2023 డిసెంబరు నుండి పల్లెవెలుగు బస్సులో ఆడవారికి టికెట్టు డబ్బులు లేవు గాని, బస్సు మొదటి మెట్టు ఎత్తు మాత్రము తగ్గలేదు. కోడలు వెనుకనుండి పట్టుకొనగా, మేము ముందునుండి చేయి అందించగా ఎక్కినది.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరుగారు చూచి, కీళ్ళ అరుగుదల అని చెప్పి, కుడి మోకాలు ఎక్కువ పాడైనదని అన్నారు. తరువాత ఫిజియోథెరపీ చేసే సహోదరి అవ్వను చెప్పులతోనే నిటారుగా నిలువబెట్టి, చేతులు క్రిందికి వదలమన్నది. మణికట్టు దగ్గర గీత ఎంత ఎత్తులో ఉన్నదో, కఱ్ఱ పిడి అంత ఎత్తులో ఉండవలెను. అప్పుడు పట్టుకొన్న చేయి మోచేతి దగ్గర కొద్దిగా వంగుతుంది. కఱ్ఱ పొడవైతే భుజము నొప్పి, పొట్టియైతే నడుము వంగుట.

"ఇప్పుడు పట్టుకో అవ్వా" అనగా అవ్వ కుడిచేత పట్టుకొన్నది. మేము కూడా అదే సరి అనుకొన్నాము. ఆ సహోదరి నవ్వి ఎడమచేతికి మార్చినది. నొప్పి కుడి కాలికైతే కఱ్ఱ ఎడమ చేతిలో ఉండవలెను. కఱ్ఱయు నొప్పి కాలును కలిసి ముందుకు వెళ్ళవలెను. అప్పుడే భారము కొంత చేతి మీదికి వెళ్తుంది. మెట్లు ఎక్కునప్పుడు మంచి కాలు ముందు. దిగునప్పుడు కఱ్ఱ, నొప్పి కాలు ముందు. అడుగున రబ్బరు తొడుగు ఉండవలెను, దాని గీతలు అరిగిపోగానే మార్చవలెను.

అక్కడ వరండాలో మరొకరిని చూచాము. గల్ఫ్‌లో పైనుండి పడి కాలు విరిగిన యౌవనస్థుడు రెండు చంక కఱ్ఱల మీద వ్రేలాడుచున్నట్టు నిలిచియున్నాడు. చంకకు, కఱ్ఱ పై మెత్తకు మధ్య రెండు మూడు వ్రేళ్ళ సందు ఉండవలెనని, బరువంతా అరచేతుల మీద మోయవలెనని ఆ సహోదరి అతనికి నేర్పుచున్నది. చంకలో బరువు వేస్తే అక్కడి నరములు నలిగి చేతులు తిమ్మిరెక్కి, పట్టు తప్పుతుందట.

మరొక మాట. కాలికి తొడిగే చెప్పు కూడా ఒక ఊతయే. మన జిల్లా ఈ సంగతిని చాలా కాలము క్రితమే నేర్చుకొన్నది. స్కాట్లాండు నుండి వచ్చిన డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జి కెర్, రాజా నర్సాగౌడ్ అను హిందూ దాత సహాయముతో 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠువ్యాధిగ్రస్తుల కొరకు ఆసుపత్రి నెలకొల్పారు. ఆమె 1932లో చనిపోయేవరకు అక్కడే సేవ చేసినది. ఆ వ్యాధిలో పాదములకు స్పర్శ పోతుంది. ముల్లు గ్రుచ్చుకొన్నా తెలియదు, పుండు పడుతుంది. నొప్పి తెలియకపోవుటయే ఆ గాయములకు మూలమని వేలూరులో డాక్టరు పాల్ బ్రాండ్ గ్రహించి చూపారు. అందుకే లోపల మెత్తగా, క్రింద గట్టిగా ఉండే ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు వాడుకలోనికి వచ్చాయి. నేడు షుగరు వ్యాధిగ్రస్తులకు కూడా అవే పనికివచ్చుచున్నవి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతబడినది గాని, షుగరు వ్యాధి మన ప్రతి వాడలోను తెరుచుకొనియున్నది! పాదములు తిమ్మిరిగా ఉన్నవారు వట్టి కాళ్ళతో పొలమునకు వెళ్ళవద్దు. ప్రతి రాత్రి అరికాళ్ళు చూచుకొనండి. కనబడకపోతే మనుమరాలిని చూడమనండి.

డబ్బు లేదని దిగులుపడవద్దు. వికలాంగులకు ఉపకరణములు ఇచ్చే ఎడిప్ పథకము కేంద్ర ప్రభుత్వము 1981లో ఆరంభించినది. దానికి 40 శాతము వైకల్యమున్నట్టు సర్టిఫికెట్టు కావలెను. 60 ఏండ్లు దాటిన పేద వృద్ధుల కొరకు వయోశ్రీ పథకము 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ప్రారంభమైనది. చేతికఱ్ఱలు, వాకర్లు, చక్రాల కుర్చీలు అందులో ఉన్నాయి.

అయితే ఉచితముగా వచ్చినదని ఏది పడితే అది తెచ్చుకొనవద్దు. మేమెరిగిన ఒక సహోదరునికి ఒక శిబిరములో మూడు చక్రముల బండి ఇచ్చారు. అది అతని ఇంటి సందులో పట్టదు. ఇప్పుడు వేపచెట్టు క్రింద దాని మీద కోళ్ళు కూర్చుంటున్నాయి. తెచ్చుకొనక ముందు వాకిలి వెడల్పు, గడప ఎత్తు, మరుగుదొడ్డి దారి కొలుచుకొనండి. చక్రాల కుర్చీయైతే కూర్చున్నవారి తుంటికి అటు ఇటు అరచేయి దూరునంత సందు చాలును. మెత్తని దిండు ఉండవలెను. అరగంట గడువకముందే ఒకసారి ఒత్తిడి మార్చి కూర్చుండవలెను, లేనిచో పుండ్లు పడతాయి. దిగునప్పుడు, ఎక్కునప్పుడు బ్రేకు వేయుట మరువవద్దు.

ఇక మా మెట్ల సంగతి. ప్రక్కన ర్యాంపు కట్టుదామని కమిటీలో చెప్పాము. 1 అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉంటేనే చక్రాల కుర్చీ సులువుగా ఎక్కును. మా అడుగున్నర ఎత్తుకు 18 అడుగులు కావలసియున్నది. "ఇద్దరు ముగ్గురి కొరకు ఇంత ఖర్చా?" అని ఒక పెద్ద అడిగారు. కపెర్నహూములో ఒక్క పక్షవాయువుగల మనిషి కొరకు నలుగురు ఇంటి కప్పే విప్పారు గదా అని మేము గుర్తుచేశాము. ఆయన కొంతసేపు మౌనముగా ఉండి, "అయితే గోడవెంబడి మలుపుదాం, ఇసుక నేను తెస్తా" అన్నారు. కోత పండుగ కానుకలతో సిమెంటు కొన్నాము. యౌవనస్థులు మూడు దినములు పనిచేశారు. ప్రక్కన ఇనుప గొట్టముతో పట్టుకొనే కమ్మి పెట్టాము.

పని ముగిసిన మొదటి ఆదివారము అవ్వ రాలేదు. మా మనస్సు చివుక్కుమన్నది. సాయంకాలము దుబాయి నుండి కొడుకు ఫోను చేశాడు. "అయ్యగారూ, అమ్మ నడుస్తున్న ఫోటో నా భార్య పంపింది. కట్టె నేనే కొనిచ్చినట్టు అందరికి చెప్పమన్న. ఇగ సిగ్గుపడదు" అన్నాడు. తరువాతి ఆదివారము అవ్వ ఎడమచేత కఱ్ఱ పట్టుకొని, ర్యాంపు మీద మెల్లగా వచ్చినది. చాపలు పరచుటకు వంగలేకపోయినది గనుక, ఎవరెక్కడ పరచవలెనో కఱ్ఱతో చూపించినది.

పితరుడైన యాకోబు ముసలితనములో తన చేతికఱ్ఱను ఆనుకొని దేవునికి నమస్కరించెనని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ కఱ్ఱను లేఖనము దాచలేదు. మీ ఇంటిలో తలుపు వెనుక ఉన్న కఱ్ఱను ఈ వారము బయటికి తీసి, మణికట్టుకు కొలిచి చూడండి. అలాగే మీ చర్చి మెట్లు ఎన్నియో లెక్కించండి. మానిపోయిన వారి ఇండ్లకు ముందు వెళ్ళి, ప్రసంగము తరువాత సిద్ధపరచుకొనండి. మేము దానిని తలక్రిందులుగా చేశాము.

ప్రభువు మీ నడకలను స్థిరపరచును గాక. ఆమేన్.