స్పాక్, స్కల్లీ, మా బౌదీ నీలం ఉంగరం

సైన్స్ ఫిక్షన్ చూసేవాళ్లు హేతువాదులు అవుతారా? మా సంఘం సమావేశాల్లో ఈ ప్రశ్న అప్పుడప్పుడూ వస్తుంటుంది. పిల్లలకి దెయ్యాల సీరియళ్లు మాన్పించి రాకెట్ల సీరియళ్లు చూపిస్తే మూఢనమ్మకాలు పోతాయని కొందరి ఆశ. నా అనుభవం ప్రకారం అంత తేలిగ్గా పోవు. స్టార్ ట్రెక్ ఎపిసోడ్లు వరసగా అప్పజెప్పగలిగి, పది వేళ్లకీ రంగురాళ్లు పెట్టుకున్న ఇంజనీర్లని నేను కలకత్తాలో కళ్లారా చూశాను. అలాగని ఆ సీరియళ్ల వల్ల ప్రయోజనమే లేదనీ అనను. ఎందుకనను అనేదే ఈ వ్యాసం.

నేను ఉద్యోగరీత్యా 1993 నుంచి ఆరేళ్లు కలకత్తాలో ఉన్నాను. (పేరు 2001లో కోల్‌కతాగా మారింది. నా నోటికి మాత్రం పాతదే వస్తుంది, ఏమనుకోకండి.) అక్కడ నాకు దొరికిన పెద్ద ఆస్తి ఒక అడ్డా. మనకి అడ్డా అంటే కూలీలు పని కోసం నిలబడే చోటు. బెంగాలీలకి అడ్డా అంటే పనేమీ పెట్టుకోకుండా గంటల తరబడి చెప్పుకునే కబుర్లు. మా అడ్డా భవానీపూర్ సందులో మా ఆఫీసు పెద్దాయన ఇంట్లో. ఆయన్ని అందరూ దాదా అనేవారు, ఆయన భార్యని బౌదీ అనేవాళ్లం, అంటే వదిన అన్నమాట. పదకొండో తరగతి చదివే కూతురు. వీళ్లు కాక ఖరగ్‌పూర్ తెలుగువాడు ఒకడు వచ్చేవాడు. తాతల కాలంలో రైల్వే పనికి శ్రీకాకుళం నుంచి వెళ్లిన కుటుంబం. సగం తెలుగు, సగం బెంగాలీ కలిపి "గురూ, నిన్నటి ఎపిసోడ్ దారుణ్!" అనేవాడు. వాళ్ల భాషలో దారుణ్ అంటే అద్భుతం అని తెలియడానికి నాకు వారం పట్టింది.

మమ్మల్ని కలిపింది టీవీ. కాస్త వెనక్కి వెళ్తే, మా తరానికి ఈ పిచ్చి ఎక్కించింది దూరదర్శనే. 80లలో ఆదివారం పొద్దున్నే పాత స్టార్ ట్రెక్ వేసేవారు. అమెరికాలో అది 1966 నుంచి 1969 దాకా నడిచింది, మొత్తం 79 ఎపిసోడ్లు. మనకి చేరేసరికి ఇరవై ఏళ్లు పట్టింది కానీ, మాకు పాతదని అనిపించనే లేదు. కార్ల్ సేగన్ కాస్మోస్ వచ్చింది. 80ల చివర్లో మనవాళ్లే తీసిన స్పేస్ సిటీ సిగ్మా, ఇంద్రధనుష్ వచ్చాయి. అట్టముక్కల కంట్రోల్ రూములు చూసి ఇప్పటి పిల్లలు నవ్వుతారేమో గానీ, ఆ వయసులో మాకు అవే అంతరిక్షం. 1991 తర్వాత కేబుల్ వచ్చింది, స్టార్ ప్లస్ అప్పట్లో ఇంగ్లీషు చానెల్. స్టార్ ట్రెక్ కొత్త తరం, ఆ తర్వాత ఎక్స్ ఫైల్స్. మెస్సులో టీవీ లేదు కాబట్టి నేనూ ఖరగ్‌పూర్ వాడూ దాదా ఇంటికి చేరేవాళ్లం. మరమరాల్లో ఆవనూనె కలిపి, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ ఎంటర్‌ప్రైజ్ ఎక్కేవాళ్లం.

నేను తెలుగువాళ్ల పరువు కోసం ఆదిత్య 369 కథ మొత్తం అభినయించి చూపించాను. 1991లో సింగీతం తీసిన సినిమా. కాలయంత్రం ఎక్కితే ఇటు రాయలవారి కొలువు, అటు 2504వ సంవత్సరం. దాదా శ్రద్ధగా విని, "బాగుందయ్యా. మాకు మాత్రం 1896లోనే మొదలైంది" అన్నాడు. చెట్లకి స్పందన ఉంటుందని పరికరాలు కట్టి చూపించిన జగదీశ్ చంద్ర బోస్ ఆ ఏడాది ఒక కథ రాశాడు. సముద్రంలో తుఫాను. ఓడలో ఉన్నవాడు తలనూనె సీసా నీళ్లలో పోస్తే అలలు చల్లబడతాయి. ఒక తలనూనె కంపెనీ పెట్టిన పోటీలో దానికి బహుమతి వచ్చింది! నూనె పొర చిన్న అలల్ని అణచడం నిజమే, తుఫానుని ఆపడమే కల్పన. మంచి సైన్స్ ఫిక్షన్ ఇలాగే ఉంటుంది కదా, ఒక కాలు నేల మీద, ఇంకో కాలు గాల్లో.

దాదా అసలు గర్వం వేరే. 1966లో, అంటే అమెరికాలో స్టార్ ట్రెక్ మొదలైన ఏడాదే, కలకత్తాలో సైన్స్ ఫిక్షన్ సినీ క్లబ్ పెట్టారు. అధ్యక్షుడు సత్యజిత్ రే, ఉపాధ్యక్షుడు ప్రేమేంద్ర మిత్రా, కార్యదర్శి అద్రీశ్ బర్ధన్. ఈ బర్ధన్ 1963లోనే ఆశ్చర్య అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక మొదలుపెట్టినవాడు. సైన్స్ ఫిక్షన్‌కి కల్పవిజ్ఞాన్ అనే మాటని బెంగాలీలో నిలబెట్టినవాడు కూడా ఆయనే అంటారు. 2019లో పోయాడు. దాదా అప్పుడు కాలేజీ కుర్రాడు. "సినిమా గంటన్నర, వాదన మూడు గంటలు" అని చెప్పేవాడు. రే 1962లో రాసిన బంకుబాబుర్ బంధు కథ ఆధారంగా హాలీవుడ్ కోసం ది ఏలియన్ అని స్క్రిప్టు రాయడం, అది సినిమా కాకుండానే ఆగిపోవడం దాదాకి సొంత ఇంటి విషాదంలా ఉండేది. 1982లో ఇ.టి. వచ్చినప్పటి నుంచీ స్పీల్‌బర్గ్ పేరెత్తితే టీ కప్పు కింద పెట్టేసేవాడు.

ఇక 1995. ఆ ఏడాది సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడు పాలు తాగాడు. మా ఆఫీసు సగం ఖాళీ. ఆ సాయంత్రం దాదా కూతురు చెంచా, పాలు, ఇంట్లో ఉన్న మట్టి వినాయకుడు, పక్కన ఒక ఇత్తడి ఏనుగు బొమ్మ తెచ్చి పెట్టింది. ఏనుగూ తాగింది. కుంకుమ కలిపితే పాలు ఎటు జారుతున్నాయో కూడా కనపడింది. ఢిల్లీలో ప్రభుత్వ శాస్త్రవేత్తలు రంగు కలిపిన పాలతో చూపించిందీ ఇదే: తలతన్యత పాలని అంచు దాకా లాగుతుంది, తర్వాత సన్నటి ధారగా విగ్రహం మీద నుంచి కిందికి జారిపోతాయి. బౌదీ చూసి నవ్వింది, వినాయకుణ్ణి తుడిచి మళ్లీ పూజగదిలో పెట్టింది.

నెల తిరగగానే, దీపావళి మర్నాడు, అక్టోబరు 24న సంపూర్ణ సూర్యగ్రహణం. ఆ దారి కలకత్తాకి దక్షిణాన డైమండ్ హార్బర్ మీదుగా పోయింది. 1980 ఫిబ్రవరి 16 గ్రహణం నాకు గుర్తుంది. ఆంధ్ర మీదుగా పోయింది, వీధులన్నీ కర్ఫ్యూ పెట్టినట్టు, మా ఇంట్లో పచ్చడి జాడీల మీద దర్భలు, గర్భిణులు కదలకుండా పడుకోవాలి. పదిహేనేళ్లకి డైమండ్ హార్బర్ రైల్లో నిలబడటానికి చోటు లేదు! హుగ్లీ ఒడ్డున వేలమంది. నల్లటి సూర్యుడి చుట్టూ తెల్లటి కరోనా విచ్చుకున్నప్పుడు జనమంతా ఒక్కసారి అరిచారు. ఉన్నది నిమిషం పైచిలుకే. ఆ నిమిషంలోనే దాదా కూతురు డబ్బా తీసి మరమరాలు అందరికీ పంచింది. బౌదీ ఇచ్చిన డబ్బానే, గ్రహణం విడిచాక తినమని ఇచ్చినది.

ఇంత చెప్పాక మీరు ఆ ఇల్లు హేతువాద నిలయం అనుకుంటారు. కాదు. మా వాదనలు కూడా అలా ఉండేవి కావు. ఎక్స్ ఫైల్స్ విషయంలో నిత్యం గొడవే. మల్డర్ నమ్ముతాడు, స్కల్లీ సందేహిస్తుంది, చివరికి దాదాపు ప్రతివారం మల్డర్‌దే నిజమౌతుంది. 1996లో రిచర్డ్ డాకిన్స్ ఒక ఉపన్యాసంలో దీన్నే తప్పుపట్టాడు. ఒక పోలీసు సీరియల్లో ప్రతివారం ఒక నల్లవాడు, ఒక తెల్లవాడు అనుమానితులుగా ఉండి, ప్రతివారం నల్లవాడే నేరస్థుడని తేలితే ఊరుకుంటామా, మరి ఇక్కడ ప్రతివారం హేతువుకే శిక్ష పడుతుంటే వినోదమని ఎందుకు ఊరుకోవాలి అని ఆయన వాదన. ఖరగ్‌పూర్ వాడూ నేనూ ఇదే పక్షం. దాదా కూతురు ఒప్పుకోలేదు. "సాక్ష్యం పుట్టించేది రచయిత, కాబట్టి స్కల్లీ ఓడిపోతుంది. కానీ ప్రశ్నలు చూడండి. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి, ఇంకే కారణం ఉండొచ్చు, పరీక్ష ఏది? ఆ ప్రశ్నలు బయట కూడా పనికొస్తాయి" అనేది. 2018లో అమెరికాలో ఒక సర్వే వచ్చింది. సైన్స్, ఇంజనీరింగ్ రంగాల్లో పనిచేస్తూ స్కల్లీ తెలిసిన ఆడవాళ్లలో నూటికి 63 మంది ఆమె తమకి ఆదర్శం అన్నారట. సర్వే సర్వేయే, ఆ పాత్ర వల్లే వాళ్లు అందులోకి వెళ్లారని అది రుజువు చెయ్యదు. అయినా అది చదవగానే నాకు గుర్తొచ్చింది భవానీపూర్ అమ్మాయే.

దాదాకి మాత్రం స్పాక్ కన్నా డాక్టర్ మెక్‌కాయ్ ఇష్టం. "డాక్టర్ పక్కన లేకపోతే స్పాక్ సగం మనిషే" అనేవాడు. "స్పాక్ ఎలాగూ సగం మనిషే కదా దాదా, తల్లి మనిషి, తండ్రి వల్కన్" అని మేం. గెలీలియో సెవెన్ అనే ఎపిసోడ్ క్యాసెట్ అద్దెకి తెచ్చి మరీ చూశాం. చిన్న నౌక తెలియని గ్రహం మీద కూలుతుంది, స్పాక్ నాయకుడు. చుట్టూ భారీ ఆకారాలు. మన బలం కాస్త చూపిస్తే భయపడి వెనక్కి పోతాయి, అదే తర్కం అంటాడు. అవి భయపడవు, కోపంతో మీద పడతాయి. ఎదుటివాడు కూడా నాలాగే లెక్క వేసుకుంటాడనుకోవడం తర్కంలోనే ఉన్న లోపం అని దాదా ఆ రోజు గంటసేపు చెప్పాడు.

ఆ మాట 1997లో ఆయన ఇంట్లోనే అవసరం పడింది. బౌదీకి పిత్తాశయంలో రాళ్లు, తరచూ నొప్పి. డాక్టరు ఆపరేషన్ త్వరగా చేయించుకోమన్నాడు. ఆమె పుట్టింటివాళ్లు ఒక జ్యోతిష్కుడి దగ్గరికి తీసుకెళ్లారు. శని బాగాలేదు, మూడు నెలలు ఒంటి మీద కత్తి పడకూడదు, ముందు నీలం ఉంగరం పెట్టుకోవాలి అన్నాడట. కలకత్తాలో నగల దుకాణాల్లోనే జ్యోతిష్కులు కూర్చుంటారు. జాతకం చూసేదీ అక్కడే, రాయి కొనేదీ అక్కడే. ఉంగరం వచ్చింది, ఆపరేషన్ వాయిదా పడింది. గ్రహణంలో మరమరాలు తిన్న దాదా నోరెత్తలేదు. కూతురు అప్పటికి బీఎస్సీలో చేరింది. తల్లితో పెద్ద గొడవపడి, అన్నం మానేసి, మాకు ఫోన్ చేసింది.

అదే నగరంలో ప్రబీర్ ఘోష్ ఉండేవాడు. 1985లో హేతువాద సంఘం స్థాపించి, జ్యోతిష్కుల్నీ బాబాల్నీ బహిరంగంగా సవాలు చేసిన మనిషి. 2023లో పోయాడు. ఆయన పుస్తకాలు పట్టుకెళ్లి బౌదీ ముందు పెడదామని ఖరగ్‌పూర్ వాడు ఆవేశపడ్డాడు. బజారులో నిలబడి మోసగాణ్ణి సవాలు చేయడానికి ఆ పద్ధతి కావాలి. నొప్పితో ఉన్న మనిషి మీద అదే పద్ధతి వాడితే? దాదా కూతురే అంది, "అది గెలీలియో సెవెన్ అవుతుంది" అని. అంతే, మాకు ఇంకేం చెప్పుకోనక్కర్లేకపోయింది. ముగ్గురం ఒక సీరియల్ పిచ్చివాళ్లం కావడం వల్ల కలిగిన లాభం ఇదీ. గంట ఉపన్యాసం ఒక పేరులో సర్దుకుంది.

సాయంత్రం వెళ్లి రాయి సంగతి ఎత్తకుండా అడిగాం. "బౌదీ, ఆపరేషన్‌లో మీకు దేనికి భయం?" చాలాసేపటికి చెప్పింది. వాళ్లమ్మ ఆపరేషన్ బల్ల మీద నుంచి తిరిగి రాలేదు. మత్తుమందు ఇచ్చాక మళ్లీ కళ్లు తెరవలేదు. దాదాకే ఈ సంగతి సరిగ్గా తెలియదు! శని గ్రహం అడ్డం పెట్టుకున్నది ఈ భయాన్ని. మూడు నెలలు గడువు ఇచ్చిన మనిషి ఆమెకి దయగలవాడిలా కనిపించాడు.

కూతురు నోటు పుస్తకంలో ప్రశ్నలు రాసింది, స్కల్లీ రిపోర్టులాగే. మత్తుమందు ఎవరిస్తారు, ముందు ఏ పరీక్షలు చేస్తారు, గుండె చూస్తారా, మూడు నెలలు ఆగితే ఏమౌతుంది. డాక్టరు విసుక్కోకుండా అన్నింటికీ జవాబు చెప్పాడు. రాయి జారి నాళానికి అడ్డం పడితే కామెర్లు, క్లోమం వాపు, అప్పుడు చేసే ఆపరేషన్ ఇంతకన్నా ప్రమాదం. మత్తు డాక్టరుని కూడా పిలిపించి మాట్లాడించాడు. బౌదీ ఇంటికొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే తేదీ చెప్పింది. అది అమావాస్యో కాదో మేం ఎవరం చూడలేదు.

ఆపరేషన్ రోజు నర్సు నిబంధన ప్రకారం గాజులూ గొలుసూ తీయించింది, వాటితోపాటు నీలం ఉంగరమూ తీసి దాదా చేతిలో పెట్టింది. కాబట్టి కత్తి పడిన ఆ గంటన్నర శనికి అడ్డు చెప్పేవాడు లేడు. అంతా బాగానే జరిగింది. ఇంటికొచ్చిన నాడు బౌదీ ఉంగరం అడిగి పెట్టుకుంది. ఖరగ్‌పూర్ వాడు నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు. నెల తర్వాత టీ ఇస్తూ తనే, "ఆ రోజు ఇది నా వేలికి లేదు, మీరు గమనించారా?" అంది. "గమనించాం బౌదీ" అన్నాను. "నేనూ గమనించాను" అంది. ఉంగరం మాత్రం తియ్యలేదు.

ఇది గెలుపో ఓటమో లెక్క కట్టమంటే కట్టలేను. ఒక మనిషి సమయానికి వైద్యం చేయించుకుంది, నమ్మకాన్ని తనంతట తాను ఒకసారి తరచి చూసుకుంది. నాకు అది చాలు.

2000 నుంచి స్టార్ ప్లస్ హిందీ చానెల్ అయిపోయింది. మా గుంపు కూడా ఉద్యోగాల వెంట తలో దిక్కూ పోయింది. ఇప్పుడు ఏ సీరియల్ కావాలన్నా ఫోనులోనే ఉంది, ఎవరికి వారు చెవుల్లో వైర్లు పెట్టుకుని చూసుకుంటారు. చూడటానికి లోటు లేదు, పక్కన కూర్చుని కాదనేవాడికే లోటు. కలకత్తావాళ్లు మాత్రం ఈ పిచ్చి వదల్లేదు, 2016లో కల్పవిశ్వ అని ఇంటర్నెట్ పత్రిక మొదలుపెట్టారు.

మన హేతువాద, జనవిజ్ఞాన సభల్లో గాల్లోంచి విభూతి తీయడం, నిప్పుల మీద నడవడం చేసి చూపిస్తాం. అవి కావాలి, మాననక్కర్లేదు. వాటితోపాటు నెలకో సాయంత్రం ఒక ఎపిసోడ్ వేసి, తర్వాత మూడు గంటలు వాదించుకునే ఏర్పాటు కూడా ఉంటే బాగుంటుందని నా సూచన. స్పాక్ ఎక్కడ పొరబడ్డాడు, మల్డర్ దగ్గర ఉన్న సాక్ష్యం ఎంత, తన మాట తప్పని తేలాలంటే ఏం కనపడాలి? కల్పిత మనుషుల మీద ఇవి అడగడం సులువు, ఎవరికీ అభిమానం దెబ్బతినదు. నాలుగేళ్లు ఇలా అడగడం అలవాటైన స్నేహితుల మధ్య, సొంత ఇంట్లో అడగాల్సిన రోజు వచ్చినప్పుడు గొంతు పెంచాల్సిన అవసరం రాదు. ఒక ప్రొజెక్టరు, కాస్త మరమరాలు ఉంటే చాలు. ఆవనూనె మీ ఇష్టం.