నీళ్ళ మిషను గురక

వంటింట్లో గోల చేసే వస్తువులు రెండు రకాలు. మనం చెయ్యి వేస్తేనే నోరు తెరిచేవి కొన్ని. మిక్సీ, గ్రైండరు ఆ జాతివి. కొబ్బరి పచ్చడి నలిగినంతసేపూ ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచి, మీట తిప్పగానే ఊరుకుంటాయి. హాల్లో వార్తలు చూసేవాళ్ళు విసుక్కున్నా అదంతా రెండు నిమిషాల భాగోతం. రెండో రకానివి తమ ఇష్టానికి మొదలెట్టి తమ ఇష్టానికి ఆపుతాయి. ఫ్రిజ్ ఉంది గానీ, పాపం, దానిది మర్యాదస్తుల మూలుగు. మా ఇంట్లో ఈ రకానికి పెద్ద, సింకు పక్కన గోడకి వేలాడే నీళ్ళ మిషను. పిల్లలు ఆర్వో అంటారు. మా అత్త మాత్రం 'నీలు మిసను' అంటుంది.

దాని రొదకి ఒక వరస ఉంది. ముందు 'టక్' మంటుంది. లోపల నీటికి దారి వదిలే వాల్వు తెరుచుకోవడం అది. వెంటనే పంపు అందుకుని గురక మొదలెడుతుంది. ఆ వణుకు గోడలోని మేకులు పట్టుకుని, అవతలి గదిలో మంచం తలాపి దాకా పాకుతుంది. సన్న గొట్టంలోంచి పనికిరాని నీళ్ళు సింకులోకి కారుతూ ఉంటాయి. ట్యాంకు నిండితే మళ్ళీ 'టక్'. హమ్మయ్య అనుకునేలోగా ఎవరో చెంబు పట్టుకుని వస్తారు, కథ మొదటికొస్తుంది. నడిరేయి దాహమేసి లేచినవాడు గ్లాసుడు నీళ్ళు తాగి పోయి పడుకుంటాడు. మిగతా ఇల్లంతటినీ మిషను లేపుతుంది.

నిజానికి చప్పుళ్ళకి బెదిరే మనుషులం కాము. మాది కాశీబుగ్గ. పలాసలో ఆగే రైళ్ళూ ఆగని రైళ్ళూ రాత్రంతా కూసుకుంటూ హౌరా వైపో చెన్నై వైపో పోతూనే ఉంటాయి. గూడ్సు బండి పోతున్నంతసేపూ మాట మింగి, అది దాటాక ఆపిన చోటునుంచే అందుకోవడం మా ఊళ్ళో చిన్నపిల్లలకీ వచ్చు. జీడిపిక్కల ఫ్యాక్టరీల చప్పుడు సరేసరి. మరి అరచేతి వెడల్పు పంపు పెట్టే గురక ఎందుకు చెవికెక్కుతుంది అని చాలాసార్లు అనుకున్నాను. రైలుకి మనతో పనిలేదు, దాని దారిన అది పోతుంది. ఈ మిషను మాత్రం మోగినప్పుడల్లా తనని ఎందుకు తెచ్చి గోడకి తగిలించామో గుర్తుచేస్తుంది.

తెచ్చుకోవడం కూడా ఒక తంతు. తిత్లీ తుపానుకి ముందు సంవత్సరం, మెడలో టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చి వంటింటి గట్టు మీద రెండు గాజు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో మా కుళాయి నీళ్ళు, ఇంకోదాంట్లో తన సీసాలోంచి తెచ్చిన నీళ్ళు. సంచిలోంచి నాలుగు కడ్డీలున్న చిన్న పరికరం తీసి, రెండు కడ్డీలు ఇటూ రెండు కడ్డీలు అటూ ముంచి, ప్లగ్గు పెట్టాడు. నిమిషం తిరక్కుండా మా నీళ్ళు పసుపెక్కాయి, తర్వాత ఆకుపచ్చన, ఆ తర్వాత గోధుమరంగు బురద తుట్టెలు తుట్టెలుగా పైకి తేలింది. అతని గ్లాసు మాత్రం తేటగా ఉంది. "ఇన్నాళ్ళూ మీరు తాగుతున్నదేటో సూడండమ్మా" అన్నాడు కుర్రాడు. మా అత్త నోటిమీద చెయ్యేసుకుని "ఓలమ్మో!" అంది.

ఆ బురద నీళ్ళలోది కాదు, కడ్డీలది. లవణాలున్న నీటిలో కరెంటు పారుతుంది. పారితే ఇనుప కడ్డీ కరిగి తుప్పుగా తేలుతుంది. అతని నీళ్ళలో లవణాలు ముందే తీసేశారు కనక కరెంటు పారే దారి లేదు, కడ్డీ కరగలేదు. ఆ తేట గ్లాసులో చిటికెడు వంట ఉప్పు వేసి ఉంటే అందులోనూ అదే బురద. కాలేజీలో నేర్చుకున్న ఆ కాస్త కెమిస్ట్రీ ఆ పూట నాకు గుర్తుంది కూడా. అయినా మిషను కొన్నాం. ఉద్దానంలో నీళ్ళని అనుమానించమని ఎవరైనా చెప్తే, చెప్పేవాడు అబద్ధమాడుతున్నాడని తెలిసినా సరే, కాదనే గుండె ఎవరికుంది?

బయటి ఊళ్ళవాళ్ళకి ఒక మాట చెప్పాలి. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఉద్దానమంటే ఈ ఏడు మండలాలు. చూడ్డానికి కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలే. వేసవిలో వచ్చిన చుట్టం ఇక్కడే ఉండిపోతానంటాడు. ఆ తోటల నీడలోనే ఏళ్ళ తరబడి కిడ్నీలు పోతున్నాయి. మామూలుగా కిడ్నీ పాడైతే వెనకాల షుగరో బీపీయో ఉంటుంది. ఇక్కడ చాలామందికి ఆ రెండూ లేవు. డాక్టర్లు దానికి పెట్టిన పేరులోనే 'కారణం తెలియనిది' అన్న మాట ఉంది. నీళ్ళన్నారు, నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, మండుటెండలో సరిగ్గా నీళ్ళు తాగకుండా పనిచేయడమన్నారు, ఒళ్ళు నొప్పుల మాత్రలన్నారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకీ ఇదే, ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరకు తోటల్లో కూలీలకీ ఇలాంటిదే. ఒక్కచోటా దోషి ఇంకా తేలలేదు. శ్రీలంకలోనైతే ఏకంగా నౌకాదళమే పల్లెల్లో ఆర్వో ప్లాంట్లు కట్టి నడుపుతోంది.

ఇన్ని అనుమానాల్లో జనం నీళ్ళనే ఎందుకు పట్టుకున్నారంటే, చెయ్యి ఆడేది అక్కడే కనక. ఎండని వడకట్టలేం. తోటపని మానుకోలేం. నీళ్ళయితే వడకట్టొచ్చు. కాస్త కలిగినవాళ్ళు మిషను కొంటారు, లేనివాళ్ళు ఇరవై లీటర్ల టిన్ను సైకిలుకి కట్టుకుని ప్లాంటుకి పోతారు. మా గోడ మీద గురక పెట్టేది పంపు అనుకుంటాం గానీ, అసలు ఆ అనుమానమే.

మిషను మీద గౌరవం లేక ఈ మాట అనడం లేదు. ఉప్పునీటిని సన్నటి పొరగుండా నెట్టి మంచినీరు తీసే ఈ పద్ధతి పనికొచ్చే రూపానికి వచ్చింది 1959 ప్రాంతంలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో. ఆ పొర తయారుచేసిన ఇద్దరిలో సిడ్నీ లోబ్ ఒకరైతే, రెండోవారు మన దేశం నుంచి వెళ్ళిన శ్రీనివాస సౌరిరాజన్. ఇన్ని కోట్ల వంటిళ్ళలో నడుస్తున్నా ఆయన పేరు మనకి తెలియదు. గోడమీద వేసుకునే కంపెనీ పేరు, దాన్ని మెచ్చుకునే సినిమా తార పేరు మాత్రం కంఠతా వచ్చు.

కొన్నాళ్ళకి రొదలో తేడాలు తెలియడం మొదలైంది. మామూలు గురక ఒకటి. ముందుండే వడపోత గొట్టం తుప్పుతో, మట్టితో పూడుకుపోతే పంపుకి నీళ్ళందవు. అప్పుడు గొంతు సన్నబడి కీచుమంటుంది. కుళాయి ఆగిపోయి గొట్టంలోకి గాలి చేరితే దగ్గుతుంది. వోల్టేజి పడిపోతే నీరసంగా ఈడుస్తుంది. టెక్కలి నుంచి వచ్చే మెకానిక్కు మూత తియ్యకముందే చెవి ఒగ్గి విని, "కాట్రిడ్జి పోనాదండి" అని తేల్చేస్తాడు. అతనే ఒకసారి మిషను దించి, గోడకీ దానికీ మధ్య పాత సైకిలు ట్యూబు ముక్కలు నాలుగు పెట్టి, మళ్ళీ మేకులు బిగించాడు. రొద సగానికి సగం దిగిపోయింది. ఇన్నాళ్ళూ మోగింది సగం మిషనూ, సగం మా గోడా అన్నమాట. దానికతను డబ్బులు తీసుకోలేదు. టీ తాగి వెళ్ళాడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాసకి దగ్గరలోనే తీరం దాటింది. కొబ్బరిచెట్లతోపాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. రోజుల తరబడి వంటింట్లో ఒక్కటీ మోగలేదు. గోడమీద మిషను ఖాళీ డబ్బా అయింది. తాగడానికి నూతి నీళ్ళే గతి. అవే నీళ్ళు, అదే నుయ్యి, కానీ ఆ రోజుల్లో మా వీధిలో ఎవరూ 'తాగొచ్చా?' అని అడగలేదు. దాహం ముందు అనుమానం నిలబడదు. మా అత్త అయితే బాహాటంగా సంబరపడింది. "నూతి నీలు తియ్యగున్నాయి. ఆ మిసను నీలు ఎన్ని తాగినా ఏటీ తాగినట్టుండదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. ఆవిడ మాటలో తప్పులేదు. లవణాలన్నీ తీసేసిన నీళ్ళు చప్పగానే ఉంటాయి. ఇప్పటికీ ఆవిడ కుండలోకి నూతి నీళ్ళే రావాలి. నేను వద్దంటాను. "డెబ్బై ఏళ్ళు తాగినాను, నాకేటయినాది?" అంటుంది. జవాబు లేదు. అదే నూతి నీళ్ళు తాగిన ఆవిడ పెద్దకొడుకు, మా బావగారు, వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కి వెళ్తాడు.

ఆయన వెంట సోంపేట వెళ్ళినప్పుడు బయట బెంచీ మీద కూర్చున్నాను. గోడ వెనకనుంచి బాగా తెలిసిన రొద ఒకటి వస్తోంది. మా ఇంటిదే, కాకపోతే పది రెట్లు. సిబ్బందిని అడిగితే "ఆర్వో ప్లాంటండి. డయాలసిస్‌కి ఈ నీలే కదా" అన్నారు. ఒకసారి డయాలసిస్ అంటే నాలుగు గంటలు. నిమిషానికి అరలీటరు చొప్పున దగ్గరదగ్గర 120 లీటర్ల శుద్ధమైన నీరు, సన్న పొరకి ఒక పక్క రక్తం, ఇంకో పక్క తానుగా, ఆ మనిషిని కడుగుతూ పోతుంది. ఆ మనిషి మాత్రం రోజు మొత్తానికి డాక్టరు కొలిచి ఇచ్చినన్ని నీళ్ళే తాగాలి. బావగారు మా ఇంటికొస్తే స్టీలు గ్లాసులో సగానికి పోయించుకుని, అరగంటసేపు చప్పరిస్తూ కూర్చుంటాడు. వంటింట్లో 'టక్' మని రొద మొదలవగానే నవ్వి, "మీ మిసనూ మా మిసనూ ఒకే తల్లి పిల్లలు" అంటాడు. మొదటిసారి విన్నప్పుడు నవ్వలేకపోయాను. ఇప్పుడు నవ్వుతున్నాను. ఆయనకి కావలసిందీ అదే.

ఆరోగ్యంగా ఉన్న మనిషి కిడ్నీలు రెండూ కలిసి రోజుకి 180 లీటర్ల దాకా వడపోస్తాయని చదివాను. వాల్వు చప్పుడు లేదు, పంపు రొద లేదు, మేకులు వదులవ్వడం లేదు. వచ్చిన చిక్కల్లా ఆ నిశ్శబ్దంతోనే. మా మిషనులో కాట్రిడ్జి పూడితే కీచుమని చెప్తుంది. కిడ్నీ సగం పని మానేసేదాకా రక్తంలో క్రియాటినిన్ కూడా పెద్దగా పెరగదు. ఉద్దానం జబ్బు మరీ మూగది. కాళ్ళవాపులూ బీపీయూ లేకుండా, తోటలో కాయలు దింపుతున్న మనిషిలో తన పని తాను చేసుకుపోతుంది. ఆకలి మందగించింది, నీరసంగా ఉంది అని ఆస్పత్రికి వెళ్ళేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే రొద చేసేవాటి మీద నాకు కోపం తగ్గింది.

వంశధార నీళ్ళని హిరమండలం నుంచి గొట్టాల్లో ఈ ఏడు మండలాలకీ తెచ్చే 700 కోట్ల సుజలధార పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం కూడా అదే రోజు మొదలయ్యాయి. నది నీళ్ళు కుళాయిలోకి వస్తే మిషన్లు గోడ దిగాలి కదా. మా వీధిలో ఒక్కటీ దిగలేదు. 'ఎందుకైనా మంచిది' అంటారు అందరూ. ఆ మాటకి కరెంటు బిల్లు ఉంది, నీళ్ళ బిల్లు ఉంది. లీటరు మంచినీళ్ళకి రెండు మూడు లీటర్లు సింకులో పోతాయి. నీటిలో కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటని చోట ఆర్వో మిషన్లు వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే అంది. ఆ కొలత చూసే పెన్నులాంటి మీటరు కొన్ని వందలకే దొరుకుతుంది. కొనేముందు గాజు గ్లాసుల తంతు చూసే బదులు ఆ మీటరు మీ నీళ్ళలో ముంచి చూసుకోండి.

ఇప్పటికే మిషను పెట్టుకుని దాని గురక వింటున్న మా ప్రాంతం వాళ్ళకి ఇంకొక్కటి చెప్తాను. ఏడాదికోసారి కాట్రిడ్జి మార్పించడానికి మెకానిక్కుని ఎలాగూ పిలుస్తాం. అదే వారంలో ఇంటిల్లిపాదీ దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్ళి క్రియాటినిన్, మూత్రం పరీక్షలు చేయించుకోండి. బాగున్నవాళ్ళు ముందు చేయించుకోవాలి.