జూబిలీ బస్సుస్టేషను నుండి మూసీయొడ్డు వరకు

మన కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములయందు "పట్నము పోయివచ్చితిమి" అనిన హైదరాబాదు పోయివచ్చితిమనియే యర్థము. కరీంనగరమునుండి పట్నము సుమారు 160 కిలోమీటర్లు; ఆదిలాబాదునుండి సుమారు 300. ఇంతదూరము మన స్త్రీలు వేడుకకై పోవుట యరుదు. గాంధీ ఆసుపత్రిలో చూపించుకొనుటకో, కూతురును కళాశాలలో చేర్చుటకో, పెండ్లిబట్టలు కొనుటకో బయలుదేరుదురు. సిద్దిపేట మీదుగా వచ్చు కరీంనగరపు బస్సును, నిర్మల్, కామారెడ్డి మీదుగా వచ్చు ఆదిలాబాదు బస్సును సికింద్రాబాదులోని జూబిలీ బస్సుస్టేషను చేరును. అంతవరకు చింత లేదు. కష్టమంతయు నచ్చట దిగినపిమ్మటనే. ఆటోవాడడిగిన కిరాయి న్యాయమో కాదో తెలియదు. సిటీబస్సు నంబరు తెలియదు. తెలిసినను చంకలో బిడ్డతో, చేతిలో సంచితో ఆ రద్దీలో నెక్కుట యెట్లు? ఈ కారణముచేతనే ఆడుదాని పనికి ఇంటిలోని మగవారొకరు కూలియో, కొలువో మానుకొని తోడు రావలసివచ్చెడిది.

నగరవీధులలో పట్టాలమీద విద్యుచ్ఛక్తితో నడచు బండ్లు దక్షిణదేశమునకు క్రొత్త గావు. చెన్నపట్టణమున 1895వ సంవత్సరముననే ట్రాములు తిరుగ నారంభించెను. ఎద్దులేక, గుఱ్ఱములేక, పొగయైన లేక నడచు ఆ బండ్లను అచ్చటి తెలుగువారును ఎక్కిరి. 1953లో అవి నిలిచిపోయెను. హైదరాబాదునకు ట్రాములు రాలేదు. నిజాము రాష్ట్రపు రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డురవాణాశాఖను స్థాపించిరి. పట్టాలబండి పట్నపు వీధులకు వచ్చుట 2017 నవంబరులోనే. నాగోలునుండి మియాపూరువరకు 30 కిలోమీటర్ల మెట్రోమార్గము అప్పుడు తెరవబడినది. అది పరేడు మైదానము ప్రక్కగా పోవుచున్నను, గాంధీ ఆసుపత్రికి పోవునది కాదు. మనకు కావలసిన మార్గము 2020 ఫిబ్రవరి 7వ తేదీన వచ్చినది. జూబిలీ బస్సుస్టేషను మొదలు మహాత్మాగాంధీ బస్సుస్టేషను వరకు 11 కిలోమీటర్లు, 9 స్టేషన్లు. ప్రయాణము 16 నిమిషములు.

ఆ క్రొత్తదినములలోనే మేము నలుగురు స్త్రీలము ఈ బండి యెక్కితిమి. మాలో డెబ్బదియేండ్ల పెద్దమ్మ యొకతె యుండెను. ఎస్కలేటరు మెట్లు తమంతటదామే పైకి పోవుచుండుట చూచి యామె నిలిచిపోయి, "నేను దీని మీద కాలు పెట్ట బిడ్డా!" అనెను. అచ్చట కాపుండిన యువతి చిరునవ్వుతో, "లిఫ్టున్నది అవ్వా, ఇటు రాండ్రి" అని చేయిపట్టుకొని తీసికొనిపోయెను. పైన అప్పుడు టికెట్టునకు బదులు బిళ్ళవంటి టోకెను నిచ్చిరి. దానిని యంత్రముపై నుంచిన ద్వారము తెరచుకొనెను. దిగినచోట వెలుపలికి పోవుటకు ఆ టోకెనునే యంత్రములో వేయవలసివచ్చెను. కావున దానిని కొంగున ముడివేసికొంటిమి. అప్పుడు కనీసపు టికెట్టు 10 రూపాయలు.

బండికి మూడు పెట్టెలు. స్త్రీలకు ప్రత్యేకించిన భాగము కలదు. తలుపులు తమంతట దామే మూసికొనును. కావున మూయు సమయమున పరుగెత్తి యెక్కరాదు. ప్రతి స్టేషను పేరును ముందుగా తెలుగున చెప్పుదురు. తలుపుపై వ్రాసియు నుందురు. చదువురాని పెద్దమ్మ చెవితోను, చదువుకొన్న కోడలు కంటితోను దారి తెలిసికొనిరి. ఎవరిని అడుగ నక్కఱలేకపోయెను.

బండి మిద్దెల యెత్తున పోవుచుండ, క్రింద వీధిలో ఆటోలును బస్సులును చీమలబారువలె కానవచ్చినవి. గాంధీ ఆసుపత్రి స్టేషనులో ఎక్స్‌రే కవర్లు పట్టుకొనినవారు దిగిరి. ఆ ఆసుపత్రి యున్న చోట పూర్వము ముషీరాబాదు జైలుండెను. ఆర్.టి.సి. చౌరస్తాలో సినిమాహాళ్ళు, తరువాత చిక్కడపల్లి, ఆపైన నారాయణగూడ. మాడపాటి హనుమంతరావుగారు 1928లో స్థాపించిన తెలుగు బాలికల పాఠశాల ఇచ్చటిదే. తెలుగు చదువు దుర్లభమైన ఆ కాలమున ఆడుపిల్లలకు మాతృభాషలో చదువు చెప్పించిన చోటది. సుల్తాను బజారులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, సమీపమున కోఠీలో పూర్వపు రెసిడెన్సీభవనమందలి మహిళాకళాశాలయు గలవు. ఆ కళాశాల విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మ పేరు దాల్చినది. ఇఱుకైన ఈ బజారుమీదుగా మెట్రో పోయినచో తమ బ్రతుకు చెడునని వర్తకులు ఏండ్లతరబడి మొఱపెట్టిరి. కొన్ని దుకాణములు మార్గమునకు పోయినవి. మనకు కలిగిన సౌకర్యమునకు వారు చెల్లించిన వెలను మఱవరాదు. పిమ్మట మూసీయొడ్డున బండి నిలిచినది.

ఈ మార్గము తెరచిన నెలన్నరలోనే, 2020 మార్చి 22వ తేదీన, కరోనావలన బండ్లు నిలిచినవి. మరల సెప్టెంబరులో నడచినవి. ఆసుపత్రికి పోవలసినవారు అత్యధికముగా నున్న కాలమున దారి మూతపడుట యెంతటి కష్టమో మన యిండ్లలో అనేకులకు తెలియును.

ఇప్పు డింకొక లెక్క కలదు. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణ స్త్రీలకు ఆర్.టి.సి. ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేదు. ఊరినుండి జూబిలీ బస్సుస్టేషనువరకు ఉచితముగా వచ్చిన పేదరాలు మెట్రోకు రూకలు చెల్లింపవలెను. వారము వారము ఆసుపత్రికి తిరుగు స్త్రీకి ఇది చిన్నమాట గాదు. ఆమె రద్దీ సహించి సిటీబస్సే యెక్కినచో తప్పు పట్టరాదు. వేగమైన బండి కలవారికి మాత్రమే కాక కూలిచేయు స్త్రీలకును అందునట్లు ప్రభుత్వమువారు ఆలోచింపవలసియున్నది.

అయినను ఈ బండి యిచ్చినది వేగము మాత్రమే కాదు. బేరమాడ నక్కఱలేదు, మోసపోవుదుమను భయము లేదు, దిగవలసిన చోటు ముందుగానే తెలియును. మగవారి తోడు ప్రేమవలన రావలెనుగాని, మనకు దారి తెలియమివలన రారాదు. కావున పట్నము తెలిసిన సోదరీమణులు తల్లినిగాని, అత్తగారినిగాని ఒక్కమారు వెంటబెట్టుకొనిపోయి, టికెట్టు కొనుట, ద్వారము దాటుట, స్టేషను పేరు వినుట చూపింపవలయును. రెండవమారు ఆమెచేతనే కొనిపింపుడు. మూడవమారు ఆమె తానే పోయి రాగలదు.